పాశ్చాత్య వామపక్షంలో మావో కీర్తి: ఒక వార్తాపరంపర చరిత్ర

1974 ఏప్రిల్ నెలలో ఫ్రాన్సు నుంచి ఐదుగురు రచయితల బృందం పీకింగు నగరంలో దిగింది. వీరు 'తెల్ కెల్' అనే సాహిత్య త్రైమాసిక పత్రికకు సంబంధించినవారు. పత్రిక సంపాదకుడు ఫిలిప్ సొలేర్స్, ఆయన భార్య జూలియా క్రిస్తెవా, ప్రసిద్ధ విమర్శకుడు రోలా బార్త్ అందులో ముఖ్యులు. మూడు వారాలపాటు వీరికి కర్మాగారాలు, కమ్యూన్లు, పాఠశాలలు చూపించారు. ప్రతిచోటా తేనీరు ఇచ్చి, ఉత్పత్తి లెక్కలు చదివి వినిపించారు. తిరిగి వెళ్ళిన తరువాత క్రిస్తెవా చైనా స్త్రీలను గురించి ఒక గ్రంథమే ప్రచురించారు.

మరుసటి సంవత్సరం, 1975 జూలై 29 తెల్లవారుజామున, అదే దేశపు దక్షిణపు కొసన, యున్నాన్ రాష్ట్రంలో, షాదియాన్ అనే గ్రామం మీదికి చైనా సైన్యం ఫిరంగులతో వచ్చింది. షాదియాన్ హుయీ ముస్లిముల గ్రామం. వారం రోజులు గడిచేసరికి ఆ గ్రామంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ పదహారు వందల మందికి పైగా చనిపోయారు. ఇళ్ళు వేల సంఖ్యలో నేలమట్టమయ్యాయి.

మొదటి ప్రయాణపు వార్త నెల తిరగకముందే పారిస్ పత్రికలలో అచ్చయింది. రెండవ సంఘటన బయటి ప్రపంచానికి వివరంగా తెలియడానికి ఏళ్ళు పట్టింది. పశ్చిమ దేశాల వామపక్షీయులలో మావో సే టుంగ్‌కు ఏర్పడిన కీర్తిని అర్థం చేసుకోవాలంటే ఈ రెండు వార్తలు ఎవరి నోట, ఏ దారిన, ఎంత ఆలస్యంగా ప్రయాణించాయో చూడాలి. తెలుగు పాఠకులకు మావో పేరు 1967-70 నాటి శ్రీకాకుళ పోరాటంతో ముడిపడి వినవస్తుంది. ఆ చర్చ వేరు. ఇక్కడ విచారిస్తున్నది పారిస్, లండన్, ఓక్లాండ్, స్టాక్‌హోం నగరాలలో పుట్టి పెరిగిన కీర్తిని గురించి మాత్రమే.

ఆ కీర్తికి పునాది అంతా అబద్ధమే అనటం న్యాయం కాదు. 1956 సంవత్సరం ఐరోపా కమ్యూనిస్టులకు దుర్దినాల సంవత్సరం. ఫిబ్రవరిలో కృశ్చేవ్ తన రహస్యోపన్యాసంలో స్టాలిన్ నేరాలను బయటపెట్టాడు. నవంబరులో సోవియట్ టాంకులు హంగరీలో ప్రవేశించాయి. ఈ రెండింటి నడుమ, అంటే మార్చి నెలలో, ముస్లిం పాఠకులు మరువరానిది మరొకటి జరిగింది. అల్జీరియాలో తిరుగుబాటును అణచడానికి ప్రత్యేకాధికారాలు కావాలని గీ మొల్లే ప్రభుత్వం కోరగా, ఫ్రెంచి కమ్యూనిస్టు పార్టీ సభ్యులు పార్లమెంటులో అనుకూలంగా ఓటు వేశారు. వలస రాజ్యాన్ని ఎదిరించే పార్టీ అని నమ్మినవారికి ఆ ఓటు గొంతులో ముల్లు అయింది. పదేళ్ళ తరువాత మావోను ఆశ్రయించిన ఫ్రెంచి యువకులలో చాలామంది రాజకీయాల్లో కళ్ళు తెరిచింది అల్జీరియా యుద్ధకాలంలోనే.

చైనా నడిచిన దారి వేరు. 1955లో బాండుంగ్ సమావేశానికి చౌ ఎన్‌లై వెళ్ళినప్పుడు ఆయన ప్రతినిధివర్గంలో దా పూషెంగ్ అనే వృద్ధ ఇమాం కూడా ఉన్నారు. 1958 సెప్టెంబరులో అల్జీరియా తాత్కాలిక ప్రభుత్వం ఏర్పడిన కొద్ది రోజులకే పీకింగు దానిని గుర్తించింది. మాస్కో పూర్తి గుర్తింపు 1962 దాకా రాలేదు. 1963 ఆగస్టులో మావో అమెరికా నల్లజాతి ప్రజల పోరాటాన్ని సమర్థిస్తూ ప్రకటన చేశాడు. అణచబడినవారి పక్షాన నిలిచిన పెద్ద రాజ్యం ఒకటి ఉన్నదని ఆ ప్రజలు సంతోషించటంలో తప్పు పట్టవలసినది ఏమీ లేదు. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, అల్జీరియా విషయంలో చైనా మాట నిజమైనది కనుక హొనాన్ రాష్ట్రంలో పంటల విషయంలోనూ చైనా మాట నిజమే అయివుంటుందని అనుకోవటంలో వచ్చింది.

ఇబ్నె ఖల్దూన్ తన 'ముఖద్దిమా'లో చరిత్ర వార్తలలో అబద్ధం ఎలా చొరబడుతుందో కారణాలు ఎంచి చూపాడు. పక్షపాతం, చెప్పేవారి మీద గుడ్డి నమ్మకం, ఏలినవారి మెప్పు కోరటం, అన్నిటికీ మించి మానవ సమాజపు సహజస్థితి తెలియకపోవటం - ఇవి వాటిలో ముఖ్యమైనవి. 1406లో మరణించిన ఆ చరిత్రకారునికి ఇరవయ్యవ శతాబ్దపు ప్రతినిధివర్గాలు తెలియవు గాని, ఆ పట్టికను పక్కన పెట్టుకొని మావో కీర్తి కథను చదివితే ప్రతి కారణానికీ ఒక ఉదాహరణ దొరుకుతుంది.

పరంపరలో మొదటి రావీ అమెరికన్ పాత్రికేయుడు ఎడ్గార్ స్నో. 1936లో ఆయన వాయవ్య చైనాలోని ఎర్రసైన్యపు స్థావరానికి వెళ్ళి మావోతో రాత్రుల తరబడి మాట్లాడాడు. 1937లో ఆయన గ్రంథం 'చైనాపై ఎర్రతార' లండన్‌లో వెలువడింది. పశ్చిమ దేశాలలో మావో ఎవరో చెప్పిన మొదటి పుస్తకం అదే. అది తయారైన తీరు అనువాదకులు ప్రత్యేకంగా గమనించదగినది. మావో చైనా భాషలో చెప్పాడు. దుబాసీ దానిని ఇంగ్లీషులో చెప్పగా స్నో రాసుకున్నాడు. ఆ రాతను మళ్ళీ చైనా భాషలోకి మార్చి మావోకు చూపించారు. మావో తన చేత్తో దిద్దిన తరువాత అది తిరిగి ఇంగ్లీషులోకి వచ్చింది. స్నో ఇందులో ఏదీ దాచలేదు, తానే చెప్పుకున్నాడు. అంటే అది మావో తనను గురించి తాను ఆమోదించిన జీవితచరిత్ర. దానిని స్వతంత్ర సాక్ష్యంగా చదివినది పాఠకులు.

ఇంతకంటె బరువైన తప్పు 1960లో జరిగింది. మహత్తర ముందడుగు పేరుతో 1958లో మొదలైన ప్రయోగం గ్రామాలను కమ్యూన్లుగా మార్చి, వంటపాత్రలను సైతం కొలిమిలో వేయించి, లేని పంటను కాగితం మీద పండించి, ఉన్న ధాన్యాన్ని పట్టణాలకూ ఎగుమతికీ తరలించింది. 1959-61 నడుమ వచ్చిన కరువులో చనిపోయినవారి సంఖ్యను పరిశోధకులు ఒకటిన్నర కోట్ల నుంచి నాలుగున్నర కోట్ల వరకు అంచనా కట్టారు. చైనా పాత్రికేయుడు యాంగ్ జిషెంగ్ 2008లో హాంకాంగ్‌లో ప్రచురించిన గ్రంథంలో ఆ సంఖ్య మూడు కోట్ల అరవై లక్షలు. ఆయన తండ్రి కూడా 1959లో ఆకలితోనే పోయాడు. గ్రంథానికి ఆయన పెట్టిన పేరు 'సమాధి రాయి'.

ఆ కరువు మధ్యలో, 1960లో, స్నో ఐదు నెలలు చైనాలో ఉన్నాడు. 1962లో వచ్చిన తన గ్రంథంలో ఆకలితో చచ్చిపోతున్నవారిని తాను చూడలేదని, కరువు అనదగినది లేదని రాశాడు. చూడలేదన్నది నిజమే కావచ్చు. చూపించలేదు కనుక చూడలేదు. 1961లో ఫ్రాన్సు నాయకుడు ఫ్రాన్స్వా మిత్తెరాఁ మావోను కలిసి వచ్చి, చైనాలో కరువు లేదన్న మావో మాటనే తన దేశస్థులకు అప్పజెప్పాడు. ఇది వామపక్షీయుల దోషం మాత్రమే అనుకోవడానికి కూడా వీలు లేదు. వామపక్షంతో ఏ సంబంధమూ లేని బ్రిటిష్ సేనాని మాంట్‌గొమరీ సైతం పీకింగు వెళ్ళి వచ్చి ఆ మాటే అన్నాడు. రాజు విందు చేస్తే రాజ్యమంతా తిన్నట్టే తోచటం అతిథులకు పాత అలవాటు.

1966లో సాంస్కృతిక విప్లవం మొదలైంది. మావో సూక్తుల ఎర్ర పుస్తకం పీకింగులోని విదేశీ భాషా ప్రచురణాలయం ద్వారా ప్రపంచ భాషలలోకి ప్రవహించింది. చైనాలోనే వంద కోట్ల ప్రతులకు పైగా అచ్చయినట్లు లెక్క. దానికి ముందుమాట రాసిన సేనాని లిన్ పియావ్ 1971 సెప్టెంబరులో విమాన ప్రమాదంలో మరణించి దేశద్రోహిగా ప్రకటించబడగానే ఆ ముందుమాట పుటను చింపివేయవలసి వచ్చింది. నిన్నటి దాకా మావోకు అత్యంత సన్నిహితుడైన అనుచరుడు ఒక్క రాత్రిలో ద్రోహి ఎలా అయినాడని అడిగినవారు పశ్చిమ దేశాలలో ఆనాడు కొద్దిమందే.

పారిస్‌లో ఈ పుస్తకం తత్వవేత్త లూయీ అల్తుసేర్ శిష్యుల చేతికి చిక్కింది. వారు దేశంలోకెల్లా గొప్ప కళాశాల విద్యార్థులు. 1966లో వారు పాత పార్టీని విడిచి మావో పేరున యువజన సంఘం పెట్టారు. 1968 మే తిరుగుబాటు తరువాత 'గోష్ ప్రొలెతారియెన్', అంటే 'శ్రామిక వామపక్షం', పుట్టింది. దాని నాయకుడు బెన్నీ లెవీ 1945లో కైరోలో పుట్టిన యూదు యువకుడు. ఆ సంస్థ పత్రిక సంపాదకులు ఇద్దరిని ప్రభుత్వం నిర్బంధించగా, 1970లో జీన్ పాల్ సార్త్ర్ తన పేరును సంపాదకునిగా పెట్టి, ఆ నిషిద్ధ పత్రికను వీధిలో నిలబడి స్వయంగా పంచాడు.

వీరిలో మేలు లేదనరాదు. వీరు తమ డిగ్రీలు దాచిపెట్టి కర్మాగారాలలో కూలీలుగా చేరారు. రోబేర్ లినార్ సిట్రోయెన్ కార్ల కర్మాగారంలో పనిచేసి, 1978లో ఆ అనుభవాన్ని పుస్తకంగా రాశాడు. అల్జీరియా, మొరాకో నుంచి వచ్చిన వలస కార్మికుల చేతులు, వారి మౌనం, వారికి దక్కే అవమానం అందులో కనబడతాయి. నగరాల అంచున రేకుల గుడిసెలలో ఉండే అరబ్బు కార్మికుల దగ్గరకు పాత కమ్యూనిస్టు పార్టీ కంటె ముందు నడిచి వెళ్ళినవారిలో మావోయిస్టు యువకులు ఉన్నారు. పాలస్తీనా సంఘాలు, 1972లో ఏర్పడిన అరబ్ కార్మికుల ఉద్యమం ఈ సంబంధాల నుంచే రూపుదిద్దుకున్నాయి. 1971లో పారిస్‌లోని గూత్ దోర్ పేటలో పదిహేనేళ్ళ అల్జీరియన్ బాలుడు జెల్లాలీ బెన్ అలీ తుపాకి దెబ్బకు చనిపోయినప్పుడు సార్త్ర్, మిషేల్ ఫూకో, జాఁ జెనే ఆ వీధుల్లో నడిచారు. ఖైదీల పరిస్థితిని బయటపెట్టడానికి ఫూకో నడిపిన సంఘం, 1973లో మొదలైన 'లిబెరాసియోఁ' దినపత్రిక - రెండింటి మూలాలూ ఇక్కడే. ఇది నిజమైన వారసత్వం. ఇందులో చైనా ప్రమేయం బహు స్వల్పం.

అమెరికాలో కథ కొంత వేరుగా నడిచింది. కాలిఫోర్నియాలో బ్లాక్ పాంథర్ పార్టీ స్థాపకులు హ్యూయీ న్యూటన్, బాబీ సీల్ ఎర్ర పుస్తకాన్ని చవకగా కొని, బర్క్‌లీ విద్యార్థులకు డాలరుకు ఒకటి చొప్పున అమ్మి, ఆ డబ్బుతో తుపాకులు కొన్నారు. మొదట వారు అమ్మారు, చదవటం తరువాత. 1971లో న్యూటన్ చైనా వెళ్ళి వచ్చాడు. నల్లజాతి ఉద్యమకారులకు మావో తెల్లవాడు కాని విప్లవకారుడు, తమను పేరుపెట్టి పలకరించిన దేశాధినేత. ఈ ఆకర్షణను రాబిన్ కెల్లీ, బెట్సీ ఎష్ 1999లో రాసిన వ్యాసంలో సానుభూతితో వివరించారు. విలియం హింటన్ 1966లో ప్రచురించిన 'ఫాన్‌షెన్' గ్రంథంలో రైతులు సభలలో తమ కష్టాలు చెప్పుకొనే దృశ్యాలు స్త్రీవిమోచన సంఘాల చర్చా పద్ధతికి ఒక ప్రేరణ అయినాయి. గ్రామంలో అవే సభలు భూస్వామిని కొట్టి చంపే సభలుగానూ మారేవి. ఆ భాగం న్యూయార్క్‌కు ప్రయాణం చేయలేదు.

ఇప్పుడు 1974 నాటి ఐదుగురు రచయితల వద్దకు తిరిగి వద్దాం. బార్త్ స్వదేశం చేరాక 'ల మోంద్' పత్రికలో రాసిన వ్యాసం మెచ్చుకోలు కాదు, తెగడ్త కాదు. చైనాను గురించి ఏ నిర్ణయమూ చేయకుండా జారుకొనే రాత. ఆయన ప్రయాణంలో రాసుకున్న నోటుపుస్తకాలు ఆయన మరణానికి 29 సంవత్సరాల తరువాత, 2009లో అచ్చయ్యాయి. వాటిలో ఉన్న మనిషి వేరు. విసుగు, తలనొప్పి, ప్రతి కర్మాగారంలో ఒకే మాట, దారి చూపే ప్రభుత్వ మార్గదర్శకులు లేకుండా ఒక్క అడుగు వేయలేని స్థితి ఉన్నాయి. అచ్చులో పోసినట్టు ఒకరి తరువాత ఒకరు చెప్పే వాక్యాలకు ఆయన 'ఇటుకలు' అని పేరు పెట్టుకున్నాడు. కన్ను చూసింది, చెయ్యి రాసింది, పత్రికకు మాత్రం వెళ్ళలేదు. ఈ మౌనం అబద్ధం కంటె తక్కువ హాని చేసిందని చెప్పడం కష్టం.

బృందంలో ఎవరికీ చైనా సమాజంతో స్వేచ్ఛగా మాట్లాడే అవకాశం లేదు. అదే కాలంలో చైనా భాష బాగా వచ్చిన ఒక బెల్జియన్ పండితుడు ఉన్నాడు - పియేర్ రిక్‌మాన్స్, కలం పేరు సైమన్ లేస్. ఆయన హాంకాంగ్‌లో ఉంటూ చైనా పత్రికలను పంక్తి పంక్తీ చదివాడు, సముద్రం ఈది వచ్చిన శరణార్థులతో మాట్లాడాడు. 1971లో 'ఛైర్మన్ మావో కొత్త దుస్తులు' అనే గ్రంథంలో, సాంస్కృతిక విప్లవం పార్టీ లోపలి అధికార యుద్ధమని చెప్పాడు. ఆ గ్రంథాన్ని ప్రచురించినవారు సైతం వామపక్షీయులే, అయితే మావోను నమ్మనివారు. పారిస్ మేధావులు ఆయనను అభివృద్ధి నిరోధకుడన్నారు. 1983 మే నెలలో ఫ్రెంచి టెలివిజన్ గ్రంథ చర్చా కార్యక్రమంలో, 1971లో చైనాను ఆకాశానికెత్తి పుస్తకం రాసిన ఇటలీ రచయిత్రి మరియా అంతోనియెత్తా మాచ్చోక్కీని లేస్ ముఖాముఖిగా నిలదీసినప్పుడు గాని, పన్నెండేళ్ళ ఆలస్యంగా, ఫ్రెంచి పాఠకలోకం ఆయన మాటకు చెవి ఒగ్గలేదు.

శరణార్థుల మాటను తోసివేయడానికి నాడు చెప్పిన కారణం ఒక్కటే: పారిపోయినవాడు శత్రువు, శత్రువు మాట చెల్లదు. హదీసు విద్వాంసులు ఈ సమస్యను శతాబ్దాల క్రితమే లోతుగా విచారించారు. ఒక పక్షానికి చెందిన రావీ చెప్పిన వార్తను ఏం చేయాలి? ఇబ్నె హజర్ అస్ఖలానీ (1372-1449) ఎంచుకున్న అభిప్రాయం ప్రకారం, మనిషి సత్యవంతుడై, తన పక్షాన్ని ప్రచారం చేసేవాడు కాకపోతే అతని వార్త స్వీకరించవచ్చు. ఆ వార్త అతని పక్షాన్నే బలపరిచేదైతే మాత్రం విడిచిపెట్టాలి. ఈ తూనికలో వేస్తే చైనా ప్రభుత్వ మార్గదర్శకుడు తన ప్రభుత్వాన్ని పొగుడుతూ చెప్పే అంకె మొదట పక్కన పెట్టవలసినది. హాంకాంగ్ చేరిన రైతు ఆకలిని గురించి చెప్పే మాట పరీక్షకు నిలబెట్టవలసినది, పదిమంది అదే చెబితే స్వీకరించవలసినది. పాశ్చాత్య మావోయిస్టులు సరిగ్గా దీనిని తలకిందులు చేశారు. చైనాలోని తచాయ్ ఆదర్శ గ్రామం దిగుబడి లెక్కలు వేలాది సందర్శకుల నోట దేశదేశాలు తిరిగాయి. 1980లో చైనా అధికార పత్రికలే ఆ ప్రాంతపు లెక్కలు పెంచి చూపినవని ఒప్పుకున్నాయి.

షాదియాన్‌కు ఏ ప్రతినిధివర్గమూ వెళ్ళలేదు. సాంస్కృతిక విప్లవం రోజులలో అక్కడి మసీదులు మూతపడ్డాయి. గ్రంథాలు తగులబడ్డాయి, మతపెద్దలు అవమానాల పాలయ్యారు. చైనా రాజ్యాంగం మతస్వేచ్ఛ ఇచ్చినదని చెప్పి గ్రామస్థులు మసీదులు తెరవమని అడిగారు. తమ ప్రతినిధులను పీకింగు వరకు పంపుకున్నారు. వారు కోరినది నమాజు చేసుకొనే హక్కు. 1975 నాటికి మాట తెగి, గ్రామం ఆయుధాలు పట్టింది. సైన్యం దానిని తిరుగుబాటు అన్నది. 1979లో, మావో మరణించిన మూడేళ్ళకు, యున్నాన్ పార్టీ అధికారులే ఆ తీర్పు తప్పని రద్దుచేసి, చనిపోయినవారిని నిర్దోషులుగా ప్రకటించారు.

ఆ గ్రామం నుంచే వచ్చినవారు మా జియన్. ముహమ్మద్ మకీన్ అని ఆయన మరొక పేరు. 1906లో జన్మించి, కైరోలోని అల్ అజ్‌హర్‌లో చదివి, అక్కడ ఉండగానే 1935లో కన్‌ఫ్యూషియస్ సూక్తులను అరబీలోకి అనువదించారు. తరువాత పీకింగు విశ్వవిద్యాలయంలో అరబీ ఆచార్యులై, చైనా నాయకులకు అరబ్బు అతిథులతో జరిగే సంభాషణలలో దుబాసీగా వ్యవహరించారు. దివ్యఖుర్ఆన్ చైనా అనువాదం ఆయన జీవితకాలపు కృషి. మొదటి ఎనిమిది భాగాలు 1949లో వెలువడ్డాయి. సంపూర్ణ గ్రంథం ఆయన కంటితో చూడలేదు. 1978లో ఆయన మరణించగా 1981లో అచ్చయింది. 1974లో బార్త్ బృందం ప్రతి కర్మాగారంలో విన్న 'ఇటుకలు' లిన్ పియావ్‌నూ కన్‌ఫ్యూషియస్‌నూ ఖండించే ప్రచారానివి. కన్‌ఫ్యూషియస్‌ను అరబ్బులకు పరిచయం చేసిన పండితుడు అప్పుడు అదే నగరంలో ఉన్నాడు. ఆయనను కలవాలని ఆ ఐదుగురిలో ఎవరికీ తోచి ఉండదు.

కీర్తి పడిపోవటం మొదలైంది చైనా విదేశాంగ విధానం వల్ల. 1971లో తూర్పు బెంగాల్‌లో పాకిస్తాన్ సైన్యం లక్షలాది ప్రజలను ఊచకోత కోస్తుండగా పీకింగు యాహ్యా ఖాన్‌కు అండగా నిలిచింది. అదే సంవత్సరం సింహళంలో యువకుల తిరుగుబాటును అణచిన ప్రభుత్వానికి చౌ ఎన్‌లై అభినందన పంపాడు. 1972లో నిక్సన్‌కు పీకింగులో విందు జరిగింది. 1973లో చిలీలో సైనిక నియంతతో సంబంధాలు కొనసాగాయి. 1975లో అంగోలాలో చైనా, అమెరికా ఒకే పక్షానికి సహాయం చేశాయి. సామ్రాజ్యవాదాన్ని ఎదిరించే రాజ్యమని నమ్మి వచ్చినవారు ఇక చేరవలసిన చోటు లేక చెదిరిపోయారు. ఆకలి చావుల వార్త కదిలించలేనివారిని నిక్సన్ కరచాలనం కదిలించింది. ఇది విచిత్రమే. 1976 సెప్టెంబరు 9న మావో మరణించాడు. 1981 జూన్‌లో చైనా పార్టీయే సాంస్కృతిక విప్లవం దేశానికి ఘోర నష్టం చేసినదని తీర్మానించింది.

చెదరనివారు కొందరు మరింత దూరం వెళ్ళారు. 1978 ఆగస్టులో స్వీడన్ నుంచి కాంపూచియా మిత్రమండలి సభ్యులు నలుగురు పోల్ పాట్ ప్రభుత్వ అతిథులుగా రెండు వారాలు తిరిగారు. వారిలో ప్రసిద్ధ రచయిత యాన్ మిర్డాల్, గున్నార్ బెర్గ్‌స్ట్రోం ఉన్నారు. పోల్ పాట్ వారికి విందు ఇచ్చాడు. ఆ కాలంలోనే ఆ దేశంలోని చామ్ ముస్లిములను ఊళ్ళ నుంచి వెళ్ళగొట్టి, ఖుర్ఆన్ ప్రతులు పోగుచేసి కాల్చి, పంది మాంసం తినమని నిర్బంధించి, ఎదురు తిరిగిన గ్రామాలను నిర్మూలించారు. 2018 నవంబరులో అంతర్జాతీయ సహాయంతో ఏర్పడిన న్యాయస్థానం చామ్ ప్రజలపై జరిగినది జాతినిర్మూలనమని నువాన్ చియాపై తీర్పు చెప్పింది. స్వీడిష్ అతిథులు తిరిగి వచ్చి మెచ్చుకుంటూ రాశారు. బెర్గ్‌స్ట్రోం తరువాత పశ్చాత్తాపపడి, 2008లో కాంబోడియా వెళ్ళి, ఆనాటి తన ఫొటోలు ప్రదర్శనకు పెట్టి, ప్రజలకు క్షమాపణ చెప్పుకున్నాడు. మిర్డాల్ చెప్పలేదు. 2010లో ఆయన దండకారణ్యం వచ్చి, తెలుగువాడైన మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి గణపతిని కలిసి, 2012లో పుస్తకం రాశాడు. దానికి స్నో పుస్తకాన్ని తలపించేలా 'భారతదేశంపై ఎర్రతార' అని పేరు పెట్టాడు. 2020లో మరణించేదాకా ఆయన ధోరణి మారలేదు.

తక్కినవారు పలు దారులు పట్టారు. ఆంద్రె గ్లూక్స్‌మాన్ కమ్యూనిజానికి బద్ధవిరోధి అయినాడు. బెన్నీ లెవీ తోరా పఠనంలో మునిగి 2003లో జెరూసలేంలో మరణించాడు. పోర్చుగల్‌లో మావోయిస్టు విద్యార్థి బరోసో 2004లో ఐరోపా కమిషన్ అధ్యక్షుడయ్యాడు. పశ్చిమ జర్మనీలో ఒకనాటి మావోయిస్టు బృందం సభ్యుడు క్రెష్‌మాన్ 2011లో బాడెన్-వుర్టెంబర్గ్ ముఖ్యమంత్రి అయ్యాడు. పట్టు విడవనివారిలో పెద్దవాడు తత్వవేత్త అలేన్ బద్యూ. 2007లో మావో వ్యాసాలు స్లావోయ్ జీజెక్ ముందుమాటతో లండన్‌లో పునర్ముద్రణ పొందాయి. 2009లో అదే నగరంలో కమ్యూనిజం భావన మీద జరిగిన సభకు బద్యూ మాట వినడానికి వందలాది యువకులు వచ్చారు. వీరి మావో తత్వశాస్త్రపు మావో. కమ్యూన్ వంటశాలలో ఏముండేదో ఆ పుటలలో కనిపించదు.

2017 నుంచి షింజియాంగ్‌లో ఉయిగూర్ ముస్లిములను పెద్ద సంఖ్యలో శిబిరాలలో నిర్బంధించిన వార్త రాగానే పశ్చిమ దేశాల వామపక్షం మళ్ళీ రెండుగా చీలింది. బాధితుల మాట విని దానిని ఖండించినవారు ఎక్కువమంది. కొందరు మాత్రం ఇది అమెరికా కల్పన అన్నారు. వారి అనుమానానికి ఆధారం లేకపోలేదు: 2003లో ఇరాక్ ఆయుధాల పేరుతో అమెరికా, బ్రిటన్ ప్రభుత్వాలు చెప్పిన అబద్ధాలకు మూల్యం చెల్లించినవారు ముస్లిములే. అయితే వాషింగ్టన్ ఒకసారి అబద్ధం చెప్పినంత మాత్రాన శిబిరం నుంచి బయటపడి సాక్ష్యమిచ్చే ఉయిగూర్ స్త్రీ అబద్ధమాడినట్టు కాదు. పీకింగు ప్రభుత్వం ఏర్పాటు చేసిన పర్యటనలో నృత్యాలు చూసి వచ్చినవాడు సత్యవంతుడైపోడు. 2022 ఆగస్టు 31న ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయం అక్కడ జరిగినవి మానవాళికి వ్యతిరేకమైన నేరాలు కావచ్చునని నివేదించింది.

షాదియాన్‌లో 1975 మృతులకు స్మారక స్తంభం ఉన్నది. ఆ గ్రామంలో తరువాతి కాలంలో మదీనా మసీదును పోలిన పెద్ద మసీదు కట్టారు. 2024లో దాని గుమ్మటాలను తొలగించి, మినార్ల రూపు మార్చి, చైనా పద్ధతి కప్పు వేశారు. ఈసారి ఆ వార్త నెలల వ్యవధిలోనే లండన్ 'గార్డియన్' పత్రికలో ఫొటోలతో సహా వచ్చింది.